ఫోను ఆగాలని సంతకం పెట్టకు

చిన్నీ,

బస్సు దిగి ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది. నాన్న నిద్రపోయారు. నాకు నిద్ర రాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇవన్నీ ఫోనులోనే చెప్పవచ్చు. కానీ నీకిప్పుడు ఫోను మోగితేనే భయం, అందుకని కాగితం మీద రాస్తున్నాను.

బెంగళూరులో నీ మారతహళ్లి గదిలో నీ పక్కన పడుకున్న నాలుగు రోజులూ చూశాను. తెల్లవారి ఆరూ నలభైకి నీ దిండు కింద ఫోను కొట్టుకుంటుంది. నువ్వు కళ్లు తెరవవు. చెయ్యి మాత్రం దిండు కిందికి వెళ్లి దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంటుంది. ఆగిపోయాక కూడా చెయ్యి తీయవు. మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఆ బాకీ వసూలు ఏజెంటు నాకే ఫోను చేశాడు. "మీ అమ్మాయి మోసం చేసింది, రేపు ఆఫీసుకు పోలీసులు వస్తారు" అన్నాడు, తెలుగులోనే. నాకు నీ మీద కోపం రాలేదు తల్లీ. అతని మీద వచ్చింది.

ఈ భయం నాకు తెలుసు. 2010లో నువ్వు నాలుగో తరగతి. మైక్రో ఫైనాన్సు వాళ్లు వారం వారం వచ్చి మన అరుగు మీద కూర్చునేవారు, కంతు చేతిలో పడేదాకా లేచేవారు కాదు. ఒకరు కట్టకపోతే సంఘంలో మిగతా ఆడవాళ్లందరినీ తెచ్చి ఆ ఇంటి ముందు నిలబెట్టేవారు. పొదుపు సంఘం పుస్తకాలు రాసేదాన్ని నేనే. అయినా ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర పదివేలు తీసుకున్నాను. వడ్డీ ఎంతో అడగలేదు. ఆ మనిషి అరుగు మీది నుంచి లేచి వెళితే చాలనుకున్నాను. ఆ అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్ల మీదికి రాకూడదు, వసూలు పంచాయతీ ఆఫీసు దగ్గరే జరగాలి అన్నారు. అరుగు ఖాళీ అయింది. నా అప్పు మాత్రం రెండు చోట్ల మిగిలింది. ఆ రెండోది తీర్చడానికి ఎన్ని రోజులు కుట్టు మిషను తొక్కానో నీకు గుర్తుండే ఉంటుంది.

అందుకే నీ జీతం పడే బ్యాంకు ఇచ్చిన ఆ కాగితం చూసి గుండె ఝల్లుమంది. నాలుగు అప్పులూ కలిపి ఒకే లోను, నెలకు ఒకే కంతు. చెడ్డ కాగితమని అనను. కానీ నువ్వు దాన్ని నాకు చూపిస్తూ "ఇది తీసుకుంటే ఫోన్లు ఆగిపోతాయమ్మా" అన్నావు. వడ్డీ గురించి ఒక్క మాట రాలేదు నీ నోట.

ముందు ఫోన్ల సంగతి తేల్చుకుందాం. వాటికి అప్పు చేయనక్కరలేదు. మన సంఘం ఖాతా ఉన్న బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు వివరంగా చెప్పారు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 7 తర్వాత బాకీ వసూలు కోసం ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, ఇంట్లో వాళ్లనూ స్నేహితులనూ వేధించకూడదు. ఏజెంటు తప్పు చేస్తే జవాబు చెప్పుకోవలసింది అతన్ని పెట్టుకున్న సంస్థే. నీ నోటు పుస్తకం చివరి పేజీలో నేను గీతలు గీసి పెట్టి వచ్చాను, చూశావా? తేదీ, సమయం, నంబరు, అన్న మాట. ప్రతి ఫోనూ అందులో రాయి. మెసేజీలు చెరపకు. వాటితో ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిలు పెట్టు. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. నువ్వు అప్పు తీసుకున్న ఆ యాప్ వాళ్లు నీ ఫోటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే మాత్రం ఆ ముప్పై రోజులు ఆగకు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యి.

పోలీసుల మాటకు వణకకు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. అయితే చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే కేసు పెట్టగలరు, కాబట్టి ఎవరడిగినా చెక్కు ఇవ్వకు, కోర్టు నుంచి కాగితం వస్తే దాచకు. ఏజెంటు గది దగ్గరికి వస్తే గుర్తింపు కార్డూ, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రమూ అడుగు. ఒక్క రూపాయి కూడా అతని సొంత ఫోన్‌పేకు పంపకు, అప్పు ఖాతాకే కట్టు. సగం కడితే సెటిల్ చేస్తామన్నారని చెప్పావు. అలా చేస్తే మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో పూర్తిగా తీర్చినట్టు కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, రేపు ఇంటి లోనుకు వెళితే అది అడ్డు వస్తుంది. మనం అంత దూరం పోనక్కరలేదు.

ఇప్పుడు లెక్క. బస్సులో యలహంక దాటినప్పటి నుంచీ టికెట్ల వెనకా, కవరు మీదా ఇదే వేశాను.

మొదటి క్రెడిట్ కార్డు బాకీ 1,40,000. నెలకు మూడున్నర శాతం, అంటే 4,900 వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ 882. నువ్వు 'కనీస మొత్తం' అని కట్టిన ఏడు వేలలో అసలుకు పోయింది 1,218 రూపాయలే! ఆ సంఖ్య చూసి నేను మళ్లీ మళ్లీ వేశాను, తప్పేమీ దొరకలేదు. రెండో కార్డు 65,000, రెండు నెలలుగా కట్టలేదు. యాప్ అప్పు 25,000. పాత లోను 1,10,000, 16 శాతం, నెలకు 8,666 చొప్పున ఇంకో 14 కంతులు. మొత్తం 3,40,000.

బ్యాంకు వాళ్లు అంతా కలిపి 18 శాతానికి ఐదేళ్లు ఇస్తామన్నారు. నెలకు 8,634. నువ్వు చూసింది ఆ నాలుగంకెల మొత్తాన్నే. దాన్ని అరవైతో గుణించు. 5,18,040 అవుతుంది. 16 శాతం ఉన్న పాత లోనును, పద్నాలుగు నెలల్లో తీరిపోయేదాన్ని, 18 శాతంలోకి లాగి ఐదేళ్లు సాగదీయడం ఎందుకు? పైగా దాన్ని ముందుగా మూస్తే చార్జీ కూడా ఉంటుందేమో అడగాలి.

దాన్ని అలాగే వదిలెయ్యి. రెండు కార్డులూ, యాప్ అప్పూ, ఈ 2,30,000 మాత్రమే కొత్త లోనులోకి మార్చమని అడుగు. అదే 18 శాతానికి, మూడేళ్లకు నెలకు 8,315. పాత కంతుతో కలిపి నెలకు 16,981. రెండూ తీరేసరికి కట్టేది 4,20,664. నాలుగూ కలిపిన దానికంటే 97 వేలు తక్కువ. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం, కాబట్టి సంతకానికి ముందు ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకో. అది ఇవ్వడం వాళ్ల బాధ్యత.

డబ్బు రాగానే అదే రోజు కార్డుల బాకీ కట్టేసి, రెండింటినీ మూసివేయమని రాసిపెట్టు. బాకీ లేని కార్డు చేతిలో ఉంటే మళ్లీ గీకుతాం, నీ వయసులో నేనైనా గీకేదాన్ని. కార్డులు మూయడానికి నీకు మనసొప్పకపోతే ఈ లోను అసలు తీసుకోవద్దు, ఇంత గట్టిగా చెబుతున్నందుకు ఏమనుకోకు.

పదహారు వేల తొమ్మిది వందలు ఎలా అంటావేమో. మాకు పంపే ఎనిమిది వేలు ఈ నెల నుంచే ఆపెయ్యి. ఇప్పుడు మొదటి కార్డుకూ, పాత లోనుకూ కలిపి 15,666 కడుతూనే ఉన్నావు కదా, ఆ ఎనిమిది వేలు తోడైతే ఊపిరాడుతుంది. మాకు ఇబ్బంది లేదు. బియ్యం ఉన్నాయి, మిషను ఉంది.

ఇంకొక్కటి. మొదటి కార్డు బిల్లుల్లో కంటి ఆసుపత్రి పేరు చూశాను. 60,000. నాన్న ఆపరేషనుకు డబ్బు మీ కంపెనీ ఇన్సూరెన్సు ఇచ్చిందని చెప్పావు. ఆయనకు ఇంకా చెప్పలేదు. రాత్రి నేను వచ్చేసరికి, ఆ కళ్లతోనే పేపరు చదివి, గుండె మీద పెట్టుకుని నిద్రపోయి ఉన్నారు.

ఆదివారం మొదటి బస్సుకు మళ్లీ వస్తాను. తెరవకుండా బీరువా పైన దాచిన కవర్లన్నీ దింపి మంచం మీద పెట్టి ఉంచు. ఒక్కదానివే తెరవద్దు, ఇద్దరం కలిసి తెరుద్దాం.

అమ్మ