కనిగిరి, పామూరు బస్సుల వేళల గురించి రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

2011-12లో మంజూరైన సుమారు 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం ఏళ్ల తరబడి సాగుతూ ఉండటంతో, కనిగిరి, పామూరు వంటి పట్టణాల వారికి దూరప్రయాణమంటే ఒంగోలు స్టేషనే దిక్కు, అక్కడికి చేర్చేది బస్సే. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో వచ్చి రాత్రి పొద్దుపోయాక రైలు దిగిన మనిషి, ఆఖరి బస్సు దాటిపోతే, సంచి తలకింద పెట్టుకుని బస్టాండు బల్లమీద తెల్లవారేదాకా కాచుకోవాలి, లేదంటే అడిగినంత ఇచ్చి కారు మాట్లాడుకోవాలి.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం మహిళలకు టికెట్టు భారం తీర్చింది, కాదనలేని మేలు. అయితే పల్లెవెలుగు ఎప్పుడో ఒకసారి తొంగిచూసే ఊళ్లలో ఆ జీరో టికెట్టు అక్కరకు వచ్చేదెంత?

కొత్త బస్సులు కొనేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. ఒంగోలులో ఆగే రాత్రి, తెల్లవారుజాము రైళ్ల పట్టికను ముందు పెట్టుకుని కనిగిరి, పామూరు సర్వీసుల వేళలను తిరిగి కూర్చండి. రైలు ఆలస్యమైతే (అదేమంత అరుదు కాదు) ఆఖరి బస్సును కాసేపు ఆపే అధికారం కంట్రోలరుకు ఇవ్వండి. దర్శి నుంచి పొదిలి, కనిగిరి మీదుగా పామూరుకు బస్సు మారే పని లేకుండా ఉదయం, సాయంత్రం తగినన్ని సర్వీసులు నడిపించండి. మార్చిన వేళలను సంక్రాంతి రద్దీకి ముందే బస్టాండు బోర్డులపై రాయించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
పడమటి ప్రకాశం ప్రయాణికుడు