టిక్స్ ఉన్నవాళ్లు బస్సెక్కకూడదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

షుగర్, బీపీ, డిప్రెషన్ గురించి మీ పేపర్లో బానే రాస్తుంటారు, టిక్స్ గురించి, అంటే మన ప్రమేయం లేకుండా ఉన్నట్టుండి వచ్చే కదలికలు, శబ్దాల గురించి మాత్రం నాకెప్పుడూ కనపళ్లేదు, అందుకే ఈ ఉత్తరం. నాకు చిన్నప్పట్నుంచీ టూరెట్ సిండ్రోమ్ ఉంది, ఈ టిక్స్ వచ్చే నరాల సమస్య అది. మెడ ఉన్నట్టుండి పక్కకి విసురుగా తిరుగుతుంది, ఒక కన్ను టక్కున మూసుకుపోతుంది, గొంతులోంచి చిన్న కూత వస్తుంది. ఇవేవీ నేను కావాలని చేసేవి కావు.

ఆ కన్ను సంగతే తీసుకోండి. బస్సులో ఎదురు సీట్లో కూర్చున్నావిడ నేను కన్ను కొట్టాననుకుంది, అరిచింది, ఆవిడ తప్పేం లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ నేను జబ్బండీ అని చెప్పబోతే టెన్షన్‌కి ఇంకో నాలుగుసార్లు వచ్చింది, దాంతో "చూడు ఇంకా చేస్తున్నాడు" అని పక్కనున్న పెద్దాయన నా కాలర్ పట్టుకున్నాడు. అసలు కిటుకంతా అక్కడే ఉంది, ఎంత గుచ్చి గుచ్చి చూస్తే అంత ఎక్కువవుతుంది.

"కాసేపు ఆపుకోలేవా" అంటారు. ఆపుకోగలం, తుమ్ము ఆపుకున్నట్టు, కాసేపే. వచ్చే ముందు ఆ చోట ఒకరకమైన బిగుతు, అది చేసేస్తే గానీ పోదు. ఇంటర్వ్యూలో అరగంట బిగబట్టుకుని కూర్చుంటే, అడిగిన ప్రశ్న బుర్రకెక్కదు, బయటికొచ్చాక మొత్తం ఒక్కసారే బయటపడుతుంది.

ఫ్రాన్స్‌లో గిల్ డి లా టూరెట్ అనే డాక్టరు 1885లోనే దీని గురించి రాశాడు, మనవాళ్లు మాత్రం ఇంకా దిష్టి, గాలి, పెంపకం సరిగా లేదు అంటూనే ఉన్నారు. రీల్స్ చూసేవాళ్లయితే టూరెట్ అంటే బూతులు తిట్టడమే అనుకుంటారు, అది ఉండేది నూటికి పది పదిహేను మందికే. సినిమాల్లో కమెడియన్‌కి మెడ జెర్క్ పెట్టి నవ్వించడం గురించి చెప్పకపోవడమే మంచిది.

నాకు బాధంతా పిల్లల గురించే. మామూలుగా అయిదారేళ్లకి మొదలై పది పన్నెండేళ్లప్పుడు బాగా ముదురుతుంది, చాలామందికి పెద్దయ్యేసరికి తగ్గుతుంది కూడా. అంటే సరిగ్గా క్లాసులో ఎక్కిరించే వయసులోనే ఎక్కువుంటుందన్నమాట. వెక్కిరిస్తున్నావా అని టీచరు బయట నిలబెడితే వాడు చదువుకునేదెప్పుడు? పరీక్ష హాల్లో సౌండ్ చేస్తే పక్కోడికి సైగ చేస్తున్నాడంటారు. వేరే గది, కొంచెం ఎక్స్‌ట్రా టైం ఇస్తే సరిపోయేదానికి.

2023లో ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ అనే పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్ స్టేజీ మీద, టూరెట్ ఉన్న స్కాట్లండ్ గాయకుడు లూయిస్ కపాల్డీకి టిక్స్ వచ్చి గొంతు కూడా పోతే, కిందున్న జనమంతా ఆయన పాట అందుకుని పాడేశారు. స్టార్ కాబట్టి అంటారేమో, అయ్యుండొచ్చు. మాకు పాటలేం పాడక్కర్లేదండీ, చూసీ చూడనట్టు ఊరుకుని, మాట్లాడుతున్న మాట ఆపకుండా మాట్లాడితే చాలు.

ట్రెయినింగ్ తీసుకున్న థెరపిస్టుల దగ్గర టిక్స్ తగ్గించుకునే బిహేవియర్ థెరపీ ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. స్కూళ్లు తెరిచే టైంలో ఒక న్యూరాలజిస్టు చేత ఈ విషయాలన్నీ టీచర్లకి అర్థమయ్యేలా ఒక అరపేజీ రాయించండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు