మర్మర్ వినిపించగానే మాత్రలా?

సంపాదకులకు,

కుక్కల గుండె జబ్బులపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, స్టెతస్కోపుకు మర్మర్ (కవాటం కారినప్పుడు గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు శబ్దం) వినిపించగానే పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెట్టడమే మేలని రాశారు. ఆ సలహాతో నేను ఏకీభవించలేను. వయసు మీదపడిన చిన్న జాతి కుక్కల్లో గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మందమై, సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడం మామూలే కాని, కవాటం కారడం వేరు, ఆ కారడం వల్ల గుండె పెరగడం వేరు. 2016లో ప్రచురితమైన ఎపిక్ అధ్యయనం, పైకి ఏ లక్షణమూ లేకపోయినా గుండె పెరిగిన కుక్కలకు ఈ మందు ఇస్తే గుండె వైఫల్యం సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని తేల్చింది. గుండె పెరగని దశలో మందు అక్కర్లేదని 2019 నాటి అమెరికా పశువైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎకోలో (గుండె స్కానింగ్‌లో) గుండె గట్టిగా ముడుచుకుంటోంది కనుక భయం లేదన్న మాట మరీ పొరపాటు. ఎడమ జఠరిక (కింది గది) తోసిన రక్తంలో కొంత, ఒత్తిడి తక్కువగా ఉండే కర్ణికలోకే (పై గదిలోకే) సులువుగా తిరిగిపోతుంది కాబట్టి, ఈ జబ్బులో సంకోచం అంకె మామూలు కంటే ఎక్కువగానే కనబడవచ్చు. చూడవలసింది గదుల పరిమాణం. ఇక పిమోబెండాన్ గుండె కండరానికి బలమిచ్చి, రక్తనాళాలను సడలించి, రక్తాన్ని ముందుకు నడిపిస్తుందే తప్ప కవాటాన్ని బాగుచేయదు.

మా కుక్కకు మర్మర్ బయటపడ్డాక రెండేళ్లు ఏ మందూ వాడలేదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనితో పోల్చిన ఎడమ కర్ణిక కొలత 1.4 నుంచి 1.7కి చేరాకే (1.6 దాటితే పెరిగినట్టు లెక్క), జఠరిక కూడా పెరిగిందని చూసి, డాక్టరుగారు మాత్రలు రాశారు. పూటకొకటి చొప్పున, తిండికి గంట ముందు ఖాళీ కడుపున వేస్తున్నాం. రోజూ రాత్రి అది గాఢంగా నిద్రపోయాక ఫోనులో గడియారం పెట్టుకుని, పక్కటెముకలు ఒకసారి లేచి పడితే ఒకటిగా, నిమిషం పాటు శ్వాసలు లెక్కపెడతాను. 22, 24 ఉండేవి. 30 దాటితే ఆలస్యం చేయవద్దని మాకు ముందే చెప్పారు. మొన్నొక రాత్రి 36 వచ్చింది. అరగంట ఆగి మళ్లీ లెక్కపెట్టినా అంతే. వెంటనే తీసుకువెళితే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఎక్స్‌రేలో తేలి, ఒంట్లో నీటిని మూత్రంగా బయటకు పంపే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. దగ్గు మొదలయ్యాక డాక్టరుకు చూపించమని మీ వ్యాసంలో ఉంది. ఆ రాత్రి అది ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు