తిట్టేను గానీ బూతులాడలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

కలెక్టరాఫీసు దగ్గర్లో అర్జీలు టైపు చేసే చిన్న కొట్టు నాది. ఇరవై రెండేళ్లుగా జనం చెప్పింది విని కాగితం మీద పెట్టడమే పని. కిందటి నెల పూర్ణా మార్కెట్ వైపు చేపలమ్ముకునే ఒకావిడ పేపరు ముక్క ఒకటి కొంగున ముడేసుకుని తెచ్చింది. బేరం దగ్గర మొదలైన గొడవ మీద నాలుగు లైన్ల వార్త. ‘బూతులతో రెచ్చిపోయిన మహిళ’ అని పైన హెడ్డింగు. పేరు వేయలేదు గానీ, ఆ పొద్దున అక్కడ గొంతు లేచింది ఎవరిదో వీధి వీధంతటికీ తెలుసు కాబట్టి వేస్తే ఎంత, వేయకపోతే ఎంత. ఏ పేపరని అడక్కండి, అందరూ అలాగే రాస్తున్నారు.

ఆవిడ అన్నది ఇదీ: “తిట్టేను బాబూ, కాదనను. నా తట్ట తన్నినోడి కాలు పడిపోను అన్నాను, ఆడి ఇల్లు బుగ్గైపోను అన్నాను. బూతులెక్కడాడేను? నాకు చదువు రాదు, కొత్తగా వచ్చిన కోడలు చదివి ఇనిపించింది ఇది.”

ఆవిడ చెప్పిన తేడా చదువుకున్న మనకెందుకు తెలియడం లేదని అప్పటినుంచీ ఒకటే ఆలోచన. బూతు తిట్టే, కానీ ప్రతి తిట్టూ బూతు కాదు. ఒంటినీ పడకనీ ఎదుటివాడి ఇంటి ఆడవాళ్లనీ మాటల్లోకి లాగితే బూతు. ‘నీ నోట్లో మన్ను పడ’, ‘నీ జిమ్మడిపోను’, ‘నీ చేతులు పడిపోను’, ఇవి శాపనార్థాలు. వీటిలో పచ్చి మాట ఒక్కటి కూడా ఉండదు, చేతిలో ఏ బలమూ లేని మనిషి దేవుడికో గాలికో అప్పజెప్పే కేసు అది. అన్నట్టు ఆ ‘పడిపోను’ని ఇంగ్లీషు మీడియం పిల్లలు చదివితే ‘నేను పడను’ అని అర్థం చేసుకుంటారు, మా అబ్బాయి అలాగే అనుకున్నాడు. కాదురా, ‘పడిపోవుగాక’ అని చెప్పాల్సి వచ్చింది. ఇవి కాక దెప్పడం ఉంది, ఎత్తిపొడుపు ఉంది, వెక్కిరింత ఉంది, పెద్దవాళ్లు వేసే చివాట్లున్నాయి. ఇన్ని మాటలున్న భాషలో మీ రిపోర్టర్లకు రెండు మూడే దొరుకుతాయి: ఆఫీసరు తిడితే ‘అక్షింతలు’, బీదవాళ్లు తిడితే ‘బూతులు’. నాయకులైతే ‘దుమ్మెత్తిపోశారు’. నిజంగా గుప్పెడు దుమ్ము తీసి ఎత్తిపోసి శపించే ముసలమ్మల్ని చిన్నప్పుడు కంచరపాలెంలో నేను చూశాను, ఆ పనికీ అసెంబ్లీ లాబీలో మైకు ముందు చేసే విమర్శకీ ఏం పోలికండీ? తిట్టు దగ్గరికొచ్చేసరికి మనకి గుడి మాటలన్నీ గుర్తొస్తాయి, దండకం, పురాణం, సహస్రనామాలు, అక్షింతలు. అది మాత్రం నాకు ఇష్టమే, మనవాళ్ల హాస్యం అది.

(మా వీధిలో నేవీ వాళ్ల బాబు ఒకడున్నాడు, హిందీ వాళ్లు. ‘అంకుల్, వాడు నాకు గాలీ ఇచ్చాడు’ అని ఏడుస్తూ వస్తే సైకిలుకి గాలి కొట్టి ఉంటాడు, దానికి ఏడుపెందుకు అనుకున్నాను. వాళ్ల భాషలో తిట్టుని గాలీ అంటారని వాళ్లమ్మ చెప్పాక తెలిసింది.)

మీ మీద రాళ్లేసే ముందు నా తప్పు కూడా చెప్పుకోవాలి. పోలీసు కంప్లెయింటు టైపు చేసేటప్పుడు ‘అసభ్య పదజాలంతో దూషించి, చంపుతానని బెదిరించి’ అని నా వేళ్లు వాటంతటవే కొట్టేస్తాయి. వచ్చినవాళ్లు ఏం చెప్పినా అదే వాక్యం. పక్క కొట్లో కూర్చునే నోటరీ లాయరు గారు ఒకరోజు చూసి, ఇలా రాస్తే కేసు నిలబడదయ్యా అన్నారు. బహిరంగంగా అశ్లీలం మాట్లాడటానికి పాత శిక్షాస్మృతి ఐపీసీలో 294వ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 296 అయింది. ఒట్టి తిట్లు, కించపరిచే మాటలు అన్నంత మాత్రాన ఆ సెక్షన్ పడదని సుప్రీంకోర్టు 2022లోనే ఒక కేసులో చెప్పిందట, పైగా అసలు ఏ మాటలన్నారో రికార్డులో ఎక్కడా లేదని కూడా అందట. అదే సంహితలో గొడవ రేగేలా కావాలని అవమానిస్తే 352, ఆడవాళ్ల గౌరవానికి భంగం కలిగించే మాటకి 79. ఎస్సీ, ఎస్టీల్ని కులం పేరు పెట్టి నలుగురిలో తిడితే అది 1989 నాటి అట్రాసిటీ చట్టం, అందులో అసభ్యమైన మాట ఒక్కటి లేకపోయినా నేరం నేరమే. అంటే చట్టం కూడా తిట్టులో రకాలు చూస్తోంది, నేనూ మీరే చూడటం లేదు.

అప్పటినుంచీ ‘ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి’ అని అడుగుతున్నాను. అది అంత సులువు కాదు. రిటైరైన మేష్టారొకాయన నోటితో చెప్పలేక చీటీ మీద రాసి చూపించి, నేను టైపు చేయగానే ఆ చీటీని ముక్కలు చేసి జేబులో వేసుకున్నారు. ఆడవాళ్లయితే మరీ, ‘మీరే ఏదో ఒకటి రాసేయండి’ అని తల దించుకుంటారు.

ఇంకో సంగతి. బూతు కాదు కదా అని మనం పట్టించుకోని మాటల్లో ఎంత క్రూరత్వం ఉందో చూడండి. ‘వెధవ’ అంటే విధవే కదా, మొగుడు పోయిన ఆడమనిషి పేరు తెచ్చి మగాళ్లకి తిట్టు కింద పెట్టాం. మా అమ్మ ముప్పై ఏళ్లకే బొట్టు తీసేసిన మనిషి. ఆ తల్లే నన్ను రోజూ ‘ఎదవా, అన్నం తినరా’ అని పిలిచేది. మన విశాఖలో ఆ మాట ముద్దుగానే ఎక్కువ వినపడుతుంది, ఆవిడ కూడా ముద్దుగానే అనేది, నాకే ఇప్పుడు అది తలుచుకుంటే ఎలాగో ఉంటుంది.

తిట్టడమే తప్పని నేను అనడం లేదు. సింహాచలం అప్పన్ననే తిట్టిన కవి ఉన్నాడు మనకి, గోగులపాటి కూర్మనాథకవి. శత్రుసేనలు మీదికొస్తుంటే కదలకుండా కూర్చున్నావేమయ్యా అని శతకమంతా దెప్పాడు, ఆ తర్వాతే తుమ్మెదలు లేచి సైన్యాన్ని తరిమికొట్టాయని పెద్దలు చెప్పుకుంటారు. దాన్ని నిందాస్తుతి అన్నారు గానీ బూతు శతకం అనలేదు. రామదాసు కూడా చెరసాలలో దెబ్బలకి తాళలేక తిట్టానని రాముడి ముందు ఒప్పుకున్నాడు, ‘తిట్టితిని’ అనే అన్నాడు. మార్కెట్ ఆవిడ ‘తిట్టేను బాబూ’ అనగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ కీర్తనే.

ఆవిడ ఆ పేపరుకి సవరణ కోసం అర్జీ రాయమంది. అందులో ఏం పెట్టమంటావమ్మా, ‘పరుష పదజాలం’ అని పెట్టనా అంటే అదేటి బాబూ అంది. శాపనార్థాలు పెట్టానని రాయనా అంటే కాసేపు ఆలోచించి, “నానేటన్నానో అదే ఏయమను, కాలు పడిపోను అన్నాననే ఏయమను, ఆడు కూడా సదువుకుంటాడు” అంది. అలాగే టైపు చేసి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు. ఇరవై రోజులైంది, ఇంకా పడలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మహారాణిపేట, విశాఖపట్నం