ఇనప దొర ఏం తింటాడు?

ఒరేయ్ మచ్చా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకురా అని నవ్వుతావని తెలుసు. ఫోన్లో నువ్వు నాలుగో మాటకే "సరేలే, మళ్ళీ చేస్తా" అంటావు. కాగితం మీదైతే అడ్డుపడలేవు. కూర్చుని చదువు.

మన తిరుపతి గంగమ్మ జాతర అయిపోయింది. మా ఇంట్లో మాత్రం ఇంకా మూలమూలనా పచ్చ దారాలు దొరుకుతున్నాయి. అంతా మా అక్క కొడుకు పుణ్యం. వాడికి తొమ్మిదేళ్ళు. ఊళ్ళో పిల్లలంతా అమ్మవారికి మొక్కుగా కట్టే దొర వేషానికి తయారవుతుంటే, వీడు "నాకు డాక్టర్ డూమ్ వేషం కావాల మామా" అని, అదే మన కామిక్కుల విలన్, మొండికేశాడు. అవ్వ ఒప్పుకోలేదు. మొక్కు వేషమంటే ఆటబొమ్మ కాదంది. వాడు ఊరుకుంటాడా? "డూమ్ కూడా దొరే అవ్వా, లాట్వేరియా అనే దేశానికి రాజు, ఒళ్ళంతా ఇనుమే" అన్నాడు. అవ్వ కాసేపు ఆలోచించి, "ఆ ఇనప దొర ఏం తింటాడు?" అనింది.

ఎవరైనా కొత్త మనిషి గురించి చెబితే అవ్వ ముందు అడిగేది అదే కదా. వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. చివరికి ఒప్పందం కుదిరింది: పొద్దున అమ్మవారికి దొర వేషం, సాయంత్రం మిద్దె మీద ఇనప దొర. ఆ పచ్చ దుప్పటి కుట్టే పని నా నెత్తిన పడింది. మిషన్ తొక్కుతున్నంతసేపూ నాకు మనం పాత పుస్తకాల బండి దగ్గర కొన్న కామిక్కులే గుర్తొచ్చాయి. నీకు ఎప్పుడూ హీరోలు కావాలి, నాకు విలన్లు. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడనిపిస్తోంది, హీరో బట్టలు నిక్కరు మీద నిక్కరు, అందులో చూడడానికేమీ లేదు. కోటు, చేతికర్ర, దుప్పటి, గుండీలు అన్నీ విలన్‌కే. టైలర్ కొడుకు కళ్ళు ఇంకెక్కడికి పోతాయి?

డూమ్ కథ నీకు గుర్తుందో లేదో. 1962లో ఫెంటాస్టిక్ ఫోర్ అనే కామిక్కు 5వ సంచికలో వచ్చాడు. వాడి పుట్టుక కథ మాత్రం రెండేళ్ళ తర్వాత చెప్పారు. గుడారాల్లో తిరిగే రోమానీ వాళ్ళ బిడ్డ. తల్లి మంత్రగత్తె, చిన్నప్పుడే పోయింది. తండ్రి నాటువైద్యుడు. ఆ దేశపు ప్రభువు పెళ్ళాన్ని బతికించలేకపోయాడని తరుముతుంటే, కొడుకును ఎత్తుకుని మంచుకొండల్లోకి పారిపోయాడు. తన ఒంటిమీది బట్ట పిల్లాడికి కప్పి, తాను చలికి బిగుసుకుని చచ్చిపోయాడు. ఇప్పుడు చెప్పు, ఒళ్ళంతా ఉక్కు కవచం ఉన్నోడికి పైన దుప్పటి ఎందుకురా? ఉక్కుకు చలేస్తుందా? అది తండ్రి కప్పిన బట్టే అని నా నమ్మకం. కామిక్కులో ఎవరూ అలా చెప్పలేదు, ఇది నా కవిత్వం. కానీ అది తట్టినాక నేను పాలిస్టర్ పక్కన పెట్టి మంచి నూలు బట్ట తెచ్చాను. మూడు మీటర్లు. మా నాయన చూసి "చిన్నపిల్లోడి వేషానికి ఇంత ఖర్చా" అన్నాడు గానీ అంచు తానే మడిచి కుట్టాడు.

నాయన సంగతి వచ్చింది కాబట్టి చెబుతా. కొట్టుకు వచ్చినోడు కొలతలిచ్చేటప్పుడే వాడు ఎట్టా పెరిగాడో నాయనకు తెలిసిపోయేది. అన్న బట్టలు తొడుక్కుని పెరిగినోడు, నలభై ఏళ్ళొచ్చినా "ప్యాంటు అడుగున మడత కొంచెం ఎక్కువ వదలండి" అంటాడంట. ఇంకా పొడుగు పెరుగుతాడా వాడు? పెరగడు. అయినా అడుగుతాడు. మీ అమ్మకు మెస్సులో ఇదే విద్య ఇంకో రకంగా వచ్చు. యూనివర్సిటీ పిల్లోళ్ళు పంక్తిలో కూర్చుంటే, ఎడమచెయ్యి ప్లేటు చుట్టూ అడ్డం పెట్టుకుని గబగబా తినేవాడి దగ్గర ఆగి, అడక్కుండానే ఇంకో సంగటి ముద్ద వేసేది. ఇంటి దగ్గర తినేటప్పుడు ఎవరో లాక్కునేవాళ్ళని ఆమె లెక్క. మా నాయన టేపు, మీ అమ్మ గరిటె కలిపి చూస్తే కామిక్కు విలన్లంతా ఇట్టే అర్థమైపోతారు.

కింగ్‌పిన్‌ను తీసుకో. 1967లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 50వ సంచికలో దిగాడు. విల్సన్ ఫిస్క్ అసలు పేరు. న్యూయార్క్‌లో పేదింటి పిల్లాడు, లావుగా ఉన్నాడని అందరూ ఏడిపించినోడు. పెద్దయ్యాక వాడు ఏం తొడుక్కున్నాడు? తెల్లకోటు! మెడకు పట్టు గుడ్డ, దానికి వజ్రం పిన్ను. లావుగా ఉన్నోళ్ళు మన కొట్టుకొస్తే ఏం రంగు అడుగుతారో నీకు తెలుసు. ముదురు నీలం, నలుపు. ఒళ్ళు తక్కువ కనబడాలని. వీడు కావాలని తెలుపు వేసుకుని, చూడండిరా, ఇప్పుడు నవ్వండి అన్నట్టు నిలబడతాడు. పైగా తెల్లబట్ట వేసుకున్నోడు సిటీబస్సు ఎక్కడు, గోడకు ఆనుకోడు, పప్పుచారు తినడు. మురికివాడలో పుట్టినోడికి ఒంటిమీద మరక లేకపోవడమే పెద్ద నగ. అది కొవ్వు కూడా కాదు, సుమో నేర్చి పెంచిన కండ. ఇంత పెద్ద ఒంటికి కోటు కత్తిరించాలంటే నాయన నేలమీద బట్ట పరిచి మోకాళ్ళ మీద పాకాల్సిందే.

వీడి మీద ఇంకో మాట. 2015లో వచ్చిన డేర్‌డెవిల్ సీరియల్లో వీడు రోజూ పొద్దున్నే లేచి తన ఆమ్లెట్ తానే వేసుకుంటాడు. తర్వాత సూటు ఎంచుకుని, చేతి కఫ్‌లకు బొత్తాలు పెట్టుకుంటాడు. ఆ బొత్తాలు వాళ్ళ నాయనవి. అమ్మను కొడుతుంటే చూడలేక, చిన్నప్పుడు వీడే సుత్తితో కొట్టి చంపిన నాయన. చంపినోడి బొత్తాలు రోజూ ఎందుకు పెట్టుకుంటాడో నన్నడక్కు. అంత డబ్బుండీ వంటమనిషి చేతి తిండి తినకుండా తన గుడ్డు తానే కొట్టుకుంటాడు చూడు, అక్కడ మీ అమ్మ ఆగి ఉండేది.

బ్యాట్‌మ్యాన్ కథల్లో టూ-ఫేస్ అంటే నాకు కథకంటే బట్టల మీదే జాలి. 1942లో పుట్టినోడు. లాయరు, కోర్టులో రౌడీ యాసిడ్ పోస్తే సగం మొహం కాలింది. అక్కడినుంచి సగం మంచి సూటు, సగం గళ్ళ సూటు. బొమ్మ గీసేవాడికేం, మధ్యలో గీత గీస్తాడు. కుట్టేవాడినడుగు. రెండు సూట్ల బట్ట కొనాలి, రెండూ కత్తిరించాలి, సగం సగం పారెయ్యాలి. ఒక వైపు ఉన్ని, ఇంకో వైపు నూలు అయితే మొదటి ఉతుకుకే ఒక పక్క కుంచించుకుని వీపు మీద కుట్టు వంకర తిరుగుతుంది. నాయనకు ఇది చెబితే "అట్టాంటి గిరాకీ వస్తే అడ్వాన్స్ మొత్తం ముందే తీసుకోవాల, బొమ్మా బొరుసా వేసి డబ్బులెగ్గొడతాడు" అన్నాడు. వాడి కథ నేను చెప్పలేదురా నాయనకు. ఏదైనా నాణెం ఎగరేసి తేల్చుకునే వాడి అలవాటు ఎట్టా తెలిసిందో!

బ్యాట్‌మ్యాన్‌కే ఇంకో శత్రువు పెంగ్విన్ గురించి ఎక్కువ లేదు. తండ్రి న్యుమోనియాతో పోయాడని తల్లి ఎండాకాలం కూడా గొడుగు పట్టించి పంపేదని ఒక కథ ఉంది. తోటి పిల్లలు ఏడిపించిన ఆ గొడుగునే తుపాకీ చేసుకున్నాడు. పొడుగు టోపీ, ఒంటికంటి అద్దం పెట్టుకుని పెద్దింటి బిడ్డలా తిరుగుతాడు, ఐస్‌బర్గ్ లాంజ్ అని క్లబ్బు నడుపుతాడు. తిండి పెట్టే చోటికి యజమాని అయితే ఎవరూ బయటికి పొమ్మనరు కదా.

జోకర్ దగ్గర మాత్రం మన సిద్ధాంతం బోల్తా పడుతుంది. 1940లో వచ్చాడు, ఇప్పటికీ వాడి గతం ఇదీ అని తేలలేదు. 1988లో వచ్చిన ది కిల్లింగ్ జోక్‌లో తన గతం తనకే ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుందంటాడు. గతం లేనోడికి బట్టలెక్కడివి? పేకముక్క మీదవి. అందుకే ఎన్నేళ్ళయినా ఆ ఊదారంగు కోటు వదలడు. తిండి సంగతి ఇంకా తమాషా. 1978లో ఒక కథలో సముద్రంలో మందు కలిపి చేపలన్నిటికీ తన నవ్వు తెప్పిస్తాడు. తర్వాత ఆఫీసుకెళ్ళి "ఈ చేపల మీద హక్కు నాది, అమ్మిన ప్రతి చేపకూ నాకు వాటా రావాల" అంటాడు. గుమాస్తా, చేపలకు కాపీరైటు ఇవ్వరయ్యా అంటాడు. మన తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నువ్వు నాకు ఈ కథ చెప్పి నవ్వావు, గుర్తుందా? చెంపదెబ్బలేసుకుని మరీ నవ్వావు.

సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ కేకులు మర్చిపోయావా? 1978లో డీసీ కామిక్స్ బొమ్మలతో పిల్లలకు వేసిన నిఘంటువులో, నలభై అంకె నేర్పడానికి లూథర్ నలభై కేకులు దొంగిలించాడని బొమ్మ వేశారు. ప్రపంచంలోకెల్లా తెలివైనోడు! చేతిబండి మీద కేకులు తోసుకుంటూ పోతున్నాడు. నాకు వాడు చేసిన నేరాలన్నిట్లోకీ అదొక్కటే మనసుకు దగ్గరగా అనిపిస్తుంది.

స్పైడర్‌మ్యాన్ శత్రువు వెనమ్‌దీ గమ్మత్తే. వాడి దగ్గర బట్టకే ఆకలి. ఆ నల్ల డ్రెస్సు ప్రాణమున్న జీవి, దానికి మెదడులో దొరికే ఒక రసాయనం కావాలి. అది చాక్లెట్లోనూ ఉంటుందని తెలిసి చాక్లెట్ మీద పడతాడు. తొడుక్కున్న చొక్కాకు భోజనం పెట్టాల్సి వస్తే మన బతుకేం కానురా! గెలాక్టస్‌ను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. గ్రహాలు తింటాడు, ముందుగా ఒకడు ఊళ్ళు వెతికిపెడతాడు. ఏకచక్రపురంలో బండెడన్నం, రెండు దున్నలు, ఒక మనిషి చొప్పున వంతులేసుకుని తిన్న బకాసురుణ్ణి చిన్నప్పటినుంచీ ఎరిగినోళ్ళకు అదేం కొత్త?

ఇవన్నీ మిషన్ దగ్గర అనుకుంటుంటే అవ్వ పక్కన కూర్చుని పాలెగాడి కథ ఎత్తుకుంది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. ఆమె బైరాగి వేషం కట్టింది, బండ వేషం కట్టింది, తోటి వేషం కట్టింది. బయటికి రాలేదు. దొర వేషం కట్టేసరికి వచ్చేశాడు. ఎన్నిసార్లు విన్నాను ఈ కథ! ఈసారే తట్టింది. తనకంటే పెద్దోడి బట్ట కనబడితే పరుగెత్తుకొచ్చి చేతులు కట్టుకునే అలవాటు వాడిది. గంగమ్మ వాడి బలాన్ని కాదు, ఆ అలవాటును పట్టుకుంది. ఇంతకంటే బాగా ఏ కామిక్కులోనూ విలన్‌ను పట్టుకోలేదు.

సాయంత్రం మిద్దె మీద అక్క కొడుకు అట్టముసుగు, పచ్చ దుప్పటి వేసుకుని నిలబడ్డాడు. ఎంత బాగున్నాడో! కథలో డూమ్ టిబెట్‌లో సన్యాసుల చేత ముసుగు పోతపోయించుకుని, అది చల్లారకముందే మొహానికి పెట్టుకుంటాడు. వీడు తీసేది లేదని పట్టు. నోటి దగ్గర నేను కత్తిరించింది వేలెడు సందు. సంగటి ముద్ద అందులో దూరదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఆకలికి గొంతు సన్నగిల్లింది గానీ ముసుగు తియ్యడు. చివరికి అవ్వ రాగి అంబలి పలచగా మజ్జిగ పోసి కలిపి, గ్లాసులో స్ట్రా వేసి తెచ్చింది. రెండు గ్లాసులు తాగాడు. "అదీ సంగతి. ఆ దొర తినేది అంబలి" అని అవ్వ కిందికి దిగిపోయింది.

సరే, అసలు పనికొస్తా. దీపావళికి వస్తున్నావు కదా, ప్యాంటు బట్ట తీసిపెట్టాను. నడుము కొలత ఇప్పుడే పంపు. పోయినసారి రెండంగుళాలు తక్కువ చెప్పి నన్ను నాయన చేత తిట్టించావు. మీ అమ్మను అడిగి ఆ చెనక్కాయల ఊరిబిండి ఎట్టా చేస్తుందో రాయించి పంపు, అక్క అడుగుతోంది.

అడుగున మడత ఎక్కువ వదులుతాలే. నువ్వు అడక్కముందే రాసుకున్నాను.

నీ
టైలర్ కొడుకు