ఆ నోటీసు రెండో యజమానికీ అందాలి

తమిళనాడు రవాణా కమిషనర్ గారికి నమస్కారం.

విల్లివాక్కంలో మా పక్కింటివారు పాత కారు కొన్నారు. ఎయిర్‌బ్యాగ్ లోపంతో కంపెనీ ఆ కార్లను మరమ్మతు కోసం వెనక్కి పిలిచింది (దీన్నే రీకాల్ అంటారు). నోటీసు మాత్రం మొదటి యజమాని చిరునామాకే వెళ్లింది. చాసిస్ నంబరు వెతికి చూసేదాకా పిల్లల్ని అందులోనే బడికి దించారు.

టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో, సంచిని ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చెడిపోయింది. కారు ఢీకొన్నప్పుడు లోపలి డబ్బా పగిలి లోహపు ముక్కలు మెడలో, ముఖంలో దిగాయి. చెన్నైలో వేడికీ తేమకూ కొదవా?

లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కేంద్రానికి ఇచ్చింది. చేతులు మారిన బండి వివరాలు మాత్రం మీ కార్యాలయాల్లోనే నమోదవుతాయి. ఆర్‌సీలో పేరు మార్చేటప్పుడే రీకాల్ మరమ్మతు జరిగిందో లేదో చూడండి. జరగకపోతే కొన్నవారికి రాసివ్వండి. ఆ మరమ్మతు ఉచితమనీ అందులో చెప్పండి. ఖర్చుకు భయపడే చాలామంది వెళ్లరు.

ఇట్లు,
చెన్నైలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబీకుడు