ఎర్ర దీపం వెలిగి 83 రోజులైంది

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మా ఇంటి గోడకు మీరు బిగించిన కారు చార్జరు పనిచేయకపోవడం, దానిపై 83 రోజులుగా ఎవరూ జవాబు చెప్పకపోవడం గురించి.

అయ్యా,

నేను ఖమ్మంలో నివసిస్తున్న ప్రభుత్వ పాఠశాల గణిత ఉపాధ్యాయుణ్ణి. 2025 ఉగాదికి మీ ఎలక్ట్రిక్ కారు కొన్నాను. ఇది మీకు నేను రాస్తున్న ఏడో లేఖ. మొదటి ఆరింటికీ "మీ ఫిర్యాదు అందింది, 48 గంటల్లో సంప్రదిస్తాము" అన్న ఒకే వాక్యం ఆరుసార్లు వచ్చింది కాబట్టి, ఈసారి ఈమెయిలు మానుకుని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోవడానికైనా మీ కార్యాలయంలో ఒక మనిషి ముందుకు రావాలి కదా.

చార్జరుకు ఏమైందో నాకు తెలియదు. దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రోజు రాత్రి దాని మీద పచ్చ దీపానికి బదులు ఎర్ర దీపం వెలిగింది, అంతే. యంత్రమన్నాక చెడిపోతుంది, అందుకు నేనెవరినీ తప్పుపట్టను. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి కథ.

మరునాడు షోరూముకు వెళితే, చార్జర్లు బిగించేది వేరే ఏజెన్సీ అని, తమకు సంబంధం లేదని చెప్పారు. ఏజెన్సీకి ఫోను చేస్తే, తాము బిగించడం వరకే, వారంటీ కంపెనీదన్నారు. మీ టోల్‌ఫ్రీ నంబరుకు చేస్తే, సమీపంలోని షోరూమును సంప్రదించమన్నారు. మొదలుపెట్టిన చోటికే తిరిగి రావడాన్ని మా పాఠాల్లో వృత్తం అంటాము. మీ దగ్గర దాన్ని సేవా విధానం అంటారని నాకు అప్పుడే తెలిసింది.

టోల్‌ఫ్రీలో పలికినవారంతా మర్యాదస్తులే. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటి నుంచి. ఒకమ్మాయి నా గోడు పది నిమిషాలు ఓపికగా విని, చివర్లో "సర్, మీ కారు పెట్రోలా, డీజిలా?" అని అడిగింది. ఇంకొకాయన ఒక్క నిమిషం ఆగమని చెప్పి, 22 నిమిషాలు వీణ సంగీతం వినిపించి, లైను పెట్టేశారు. మూడో ఆయన, 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టుకునే కేబుల్ వాడుకోమని సలహా ఇచ్చారు. గోడ చార్జరు తీసుకున్నవారికి ఆ కేబుల్ ఇవ్వబోమని చెప్పింది మీ షోరూమువారే అంటే, "అయితే కొనుక్కోండి సర్" అన్నారు.

పంతొమ్మిదో రోజున ఒక కుర్రాడు వచ్చాడు. చార్జరు మూత విప్పలేదు. గేటు దగ్గరే నిలబడి, లోపం మా ఇంటి ఎర్తింగులో ఉందని ఫోనులో టైపు చేసుకుని వెళ్లిపోయాడు. నేను ఎలక్ట్రీషియన్ను పిలిపించి, తులసికోట పక్కన గుంత తీయించి, ఉప్పూ బొగ్గూ పోయించి కొత్త ఎర్తింగు వేయించాను. 4,800 రూపాయలైంది. దీపం ఎర్రగానే ఉంది. ఆ గుంత ఫోటో పంపమంటే మూడుసార్లు పంపాను. ఆ తర్వాత నాలుగో రోజున నా ఫోనుకు సందేశం వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడినందుకు సంతోషిస్తున్నాము. దయచేసి మాకు ఐదు నక్షత్రాలు ఇవ్వండి."

మీ ప్రకటనల్లో ఇది సామాన్యుడి కారు. నేనూ అలాగే నమ్మి, లెక్క వేసుకునే కొన్నాను. విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము కూడా తీసేసింది. అయినా ఇదే కారు పెట్రోలు రకం కంటే నాకు 4 లక్షలు ఎక్కువ పడింది, అందుకు ఏడేళ్ల పాటు నెలకు సుమారు 6,400 రూపాయల అదనపు కిస్తీ. బడికి రానూపోనూ 76 కిలోమీటర్లు. పెట్రోలైతే నేను కారు కొన్నప్పటి ధర లీటరు 107 చొప్పున నెలకు 11,700 పైమాటే. ఇంట్లో చార్జి చేసుకుంటే యూనిట్టు ఎనిమిది రూపాయల లెక్కన రెండు వేల చిల్లర. మిగిలేదాంట్లో కిస్తీ పోగా మూడు వేలు చేతిలో ఉండాలి. ఇప్పుడు బైపాస్ దగ్గరి చార్జింగ్ స్టేషనులో, 18 శాతం జీఎస్టీతో కలిపి, యూనిట్టు 24 రూపాయల దాకా పడుతోంది. ఆ మూడు వేలు పోగా, నెలకు వెయ్యి ఎదురు పెడుతున్నాను. అంటే ఈ కారు నా స్తోమతకు తగినదా కాదా అన్నది తేల్చింది దాని ధర కాదు, మీరు బాగుచేయని ఆ పెట్టె. ఎస్‌ఏ-1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్, బడి పిల్లల మొదటి విడత) పరీక్షల పేపర్లన్నీ నేను ఆ స్టేషనులో, కారు డోము లైటు కిందనే దిద్దాను. అక్కడి వాచ్‌మన్ ఇప్పుడు నాకు కుర్చీ వేస్తున్నాడు. మీ సంస్థ తరపున నాకు అందిన ఏకైక మర్యాద అదేననుకుందామంటే, ఆ స్టేషను మీది కూడా కాదు.

మా ఇంట్లో ఇది మీ మూడో కారు. మొదటిది మా నాన్నగారు కొన్నారు. నా మాట విని మా బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు మీ కార్లే తీసుకున్నారు. ఇప్పుడు స్టాఫ్‌రూములో వారు "ఎట్లుంది సార్, చార్జరొచ్చిందా?" అని రోజూ అడుగుతుంటే, చాక్‌పీసు వెతుక్కుంటున్నట్టు తల దించుకుంటున్నాను.

చార్జరు మార్చాలి, స్టేషనులో కట్టిన డబ్బుల తేడా ఇవ్వాలి, ఎర్తింగు ఖర్చు ఇవ్వాలి. ఇవన్నీ మొదటి లేఖలోనే అడిగినవే, ఎర్తింగు ఖర్చు తప్ప. ఇప్పుడు వాటికి ఇంకొకటి కలుపుతున్నాను: గేటు దగ్గర నిలబడి లోపం తేల్చినందుకు, పరిష్కారం కాని ఫిర్యాదును పరిష్కరించినట్టు మూసినందుకు, ఒక బాధ్యతగల అధికారి తన పేరుతో, సంతకంతో రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు, వకీలు లేకుండా తానే వాదించుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా నల్లబల్ల ముందు నిలబడి, అర్థం కానివారికి అర్థమయ్యేదాకా చెప్పడమే నా ఉద్యోగం. వాయిదాలకు నాకు బైపాస్ దాటనక్కరలేదు, మీరే ఖమ్మం రావాలి. వచ్చేటప్పుడు చార్జరు కూడా తెచ్చుకోండి.

ఇట్లు,
మీకు ఐదు నక్షత్రాలు ఇచ్చే రోజు కోసం ఇంకా ఎదురుచూస్తున్న
ఒక ఖాతాదారు, ఖమ్మం

జతపరచినవి: ఆరు ఈమెయిళ్ల నకళ్లు, స్టేషను రసీదులు, ఎర్తింగు గుంత ఫోటో (నాలుగోసారి).